డీ-అడిక్షన్ సెంటర్ నుంచి డిశ్చార్జ్ అయ్యాక ఎక్కడ ఉండాలి? ఇల్లా, బంధువుల ఊరా, హాఫ్‌వే హోమా?

మీ ఇంట్లో ఒకరికి మద్యం లేదా గంజాయి మాన్పించే చికిత్స పూర్తయింది. రేపు డిశ్చార్జ్. నేరుగా ఇంటికి తీసుకురావాలా? ఇంకొన్నాళ్లు మరోచోట ఉంచాలా? చాలా కుటుంబాలకు ఈ ప్రశ్న బిల్లు కట్టే రోజే ఎదురవుతుంది. నిజానికి ఇది సెంటర్‌లో చేరిన మొదటి వారంలోనే డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

ఎందుకంటే మద్యం మానేసినప్పుడు వచ్చే వణుకు, చెమటలు, నిద్రలేమి వంటివి చాలామందిలో ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. తాగాలన్న కోరిక మాత్రం నెలల తరబడి వెంటాడుతుంది. ఆ నెలలు గడిచే చోటును బట్టే చికిత్స నిలబడటమో, మొదటికి రావడమో ఉంటుంది.

సమస్య ఎంత పెద్దది?

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. మద్యం వల్ల సమస్యలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని అందులో తేలింది. దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒకరికే ఏదో ఒక సహాయం అందుతోంది. ఆస్పత్రిలో ఉండి చికిత్స పొందేది 180 మందిలో ఒక్కరే. అంటే మీవాళ్లు చికిత్స పూర్తి చేశారంటే అది చిన్న విషయం కాదు. దాన్ని నిలబెట్టుకోవడమే ఇప్పుడు ముఖ్యం.

గూడూరు పక్కనున్న చిల్లకూరు మండలాన్నే తీసుకోండి. రొయ్యల చెరువులు, సిలికా ఇసుక గనులు, జాతీయ రహదారి మీద లారీలు, దగ్గరలో కృష్ణపట్నం పోర్టు. చెరువు గట్టు మీద షెడ్డులో రాత్రంతా ఒంటరిగా కాపలా, కూలి డబ్బు చేతికందే సాయంత్రం, లోడింగ్ కోసం గంటల తరబడి ఎదురుచూపు... తాగుడు మొదలైంది ఇలాంటి చోటే అయితే, డిశ్చార్జ్ అయిన మర్నాడే అదే పనికి, అదే జట్టులోకి పంపడం పెద్ద ప్రమాదం. ‘ఇల్లు మంచిదే కదా’ అనుకుంటే చాలదు. ఇంటి చుట్టూ ఏముందో కూడా చూడాలి.

మీ ముందున్న దారులు ఏమిటి?

1. సొంతిల్లు, క్రమం తప్పని ఓపీ: ఖర్చు తక్కువ. పిల్లలకు దగ్గరగా ఉండొచ్చు. చిల్లకూరు వాళ్లకు నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి అందుబాటులో ఉంది. గూడూరు నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ఇంట్లో ఎవరూ తాగకపోతే, మాత్రలు వేయించడానికి ఒక మనిషి ఉంటే ఈ దారి పనిచేస్తుంది.

2. బంధువుల ఇల్లు: మేనమామ ఇంటికో, అక్క వాళ్ల ఊరికో రెండు మూడు నెలలు పంపడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పాత స్నేహాలు దూరమవుతాయి. అయితే విషయం దాచి పంపొద్దు. ఆ ఇంటివాళ్లకు అన్నీ చెప్పాలి. అక్కడ కూడా ఓపీకి వెళ్లే ఏర్పాటు ఉండాలి.

3. పునరావాస కేంద్రం: కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే వీటిని ‘ఐఆర్‌సీఏ’లు అంటారు. అక్కడే ఉంచి చికిత్స, కౌన్సెలింగ్ ఇస్తారు. ప్రైవేటువీ ఉన్నాయి. ఇప్పటికే రెండు మూడుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినవారికి ఇక్కడ ఎక్కువ కాలం ఉండటం మేలు చేయొచ్చు.

4. హాఫ్‌వే హోమ్: ఆస్పత్రికీ ఇంటికీ మధ్య మజిలీ. పగలు పనికి లేదా శిక్షణకు వెళ్లి, రాత్రి సిబ్బంది ఉన్న చోటికి తిరిగి వస్తారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ఇలాంటి ఇళ్లను ప్రభుత్వం అందించాల్సిన సేవల్లో చేర్చింది. వీటిలో చాలావరకు మానసిక వ్యాధుల నుంచి కోలుకున్నవారి కోసం ఏర్పడినవే. కాబట్టి మద్యం, మత్తుమందుల నుంచి కోలుకునేవారిని తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి.

5. కోలుకుంటున్నవారే కలిసి ఉండే ఇల్లు: అమెరికాలో 1975లో మొదలైన ‘ఆక్స్‌ఫర్డ్ హౌస్’ దీనికి పేరున్న ఉదాహరణ. సిబ్బంది ఉండరు. అద్దె అందరూ పంచుకుంటారు, నిర్ణయాలు ఓటుతో తీసుకుంటారు, తాగినవాళ్లు ఇల్లు వదలాలి. చికిత్స పూర్తయిన 150 మందిపై చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. రెండేళ్ల తర్వాత ఈ ఇళ్లకు వెళ్లినవారిలో 31 శాతం మంది మళ్లీ మత్తుకు అలవాటుపడితే, మామూలుగా ఇంటికి వెళ్లినవారిలో అది దాదాపు 65 శాతం. మన రాష్ట్రాల్లో ఇలాంటివి అరుదు. కానీ ఆ నియమాలు మన ఇంట్లోనూ పెట్టుకోవచ్చు: ఇంట్లోకి సీసా రాకూడదు, సంపాదనలో వాటా ఇవ్వాలి, ఇంటి పనుల్లో చేయి వేయాలి.

ఎవరికి ఏది?

ఈ ప్రశ్నలకు నిజాయతీగా జవాబు చెప్పుకోండి.

• ఇంట్లో మరొకరు తాగుతున్నారా? అయితే కనీసం కొన్ని నెలలు ఇల్లు వద్దు.
• ఇంతకుముందు ఫిట్స్, భ్రమలు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయా? వస్తే వైద్య సిబ్బంది ఉన్న చోటే సురక్షితం.
• పని చోటే తాగుడు అలవాటైందా? పని మారే వరకు హాఫ్‌వే హోమ్ లేదా వేరే ఊరు చూడండి.
• తాగినప్పుడు భార్యాపిల్లలపై చేయి చేసుకునేవారా? అయితే ‘ఇంటికి తీసుకురావాలా’ అన్నది ముందు ఆమె తేల్చాలి. పెద్దలు ఒత్తిడి పెట్టొద్దు. సాయం కోసం మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.
• కోలుకుంటున్నది మహిళా? చాలా కేంద్రాలు పురుషులకే. విడిగా వార్డు, మహిళా సిబ్బంది ఉన్నారో లేదో స్వయంగా చూడండి.

చేర్చే ముందు ఏం అడగాలి?

బయట బోర్డు మీద ‘రిహాబ్’ అని ఉందా, ‘ఫౌండేషన్’ అని ఉందా అన్నది ముఖ్యం కాదు. లోపల ఏం జరుగుతుందో ముఖ్యం. మత్తు సమస్యలున్నవారిని చేర్చుకుని చికిత్స చేసే కేంద్రం, పేరు ఏదైనా, 2017 చట్టం కింద రిజిస్టర్ కావాలి. ఆ ధ్రువపత్రం చూపించమనండి. సైకియాట్రిస్ట్ వారంలో ఎన్నిసార్లు వస్తారు? రాత్రి అత్యవసరమైతే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు? కుటుంబంతో ఫోన్‌లో ఎప్పుడు మాట్లాడొచ్చు? ఏది ఉచితం, దేనికి డబ్బు? ఈ జవాబులు కాగితం మీద తీసుకోండి.

రెండు మాటలు వినిపిస్తే వెనక్కి వచ్చేయండి. ఒకటి: ‘నెల రోజులు మీరు చూడటానికి రావొద్దు, ఫోన్ చేయొద్దు’. రెండు: ‘డాక్టరు రాసిన మాత్రలు ఇక్కడ ఆపేస్తాం’. మాత్రలు ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, వార్డెన్ కాదు.

బలవంతంగా ఉంచొచ్చా?

తనంతట తాను చేరిన వ్యక్తి వెళ్లిపోతానంటే పంపాలి. పరిస్థితి అంచనా వేయడానికి వైద్య నిపుణులు గరిష్ఠంగా 24 గంటలు ఆపొచ్చు. తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసుకునే స్థితిలో, తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో ఉంటే, నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ఆ సంగతి మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలియజేయాలి. గొలుసులతో కట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చట్టవిరుద్ధం. అలా జరిగితే ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు.

మత్తుమందుల కేసు ఉన్నవారికి మరో విషయం. వాడకం లేదా చిన్న పరిమాణం కేసుల్లో, స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు వెళ్తే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అందుకే చోటు మార్చే ముందు లాయరును అడగండి.

మళ్లీ తాగితే?

ఇంట్లోంచి గెంటేయొద్దు, గదిలో పెట్టి తాళం వేయొద్దు. మళ్లీ రోజూ తాగే స్థితికి వస్తే, ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం ప్రాణాంతకం కావొచ్చు. ఆస్పత్రికి తీసుకెళ్లండి. హెరాయిన్, మత్తు ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలకు అలవాటుపడి మానేసినవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మానేశాక శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. పాత మోతాదే ప్రాణం తీయొచ్చు. మగతగా ఉండి ఊపిరి నెమ్మదిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తాగుడు మానాలంటే మనిషి గట్టిగా అనుకుంటే చాలదు, సీసా దూరంగా ఉండాలని వాళ్లకు తెలుసు. మీరు ఎంచుకునే చోటు చేయాల్సిన పని కూడా ఇదే.

ఎవరికి ఫోన్ చేయాలి?

• 14446: జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. దగ్గర్లోని గ్రాంటు కేంద్రాల వివరాలు అడగొచ్చు.
• 14416: టెలీ-మానస్. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.
• 181: గృహ హింస ఎదుర్కొంటున్న మహిళలకు.
• 15100: ఉచిత న్యాయ సహాయం.

డిశ్చార్జ్ తేదీ ఖరారయ్యేలోపు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: మొదటి మూడు నెలలు ఎక్కడ ఉంటారు, మాత్రలు ఎవరు ఇస్తారు, తర్వాతి ఓపీ ఏ రోజు, ఇబ్బంది వస్తే మొదట ఎవరికి ఫోన్ చేయాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా డాక్టరుతో మాట్లాడి, అది తేలాకే డిశ్చార్జ్ తీసుకోండి.