పార పట్టిన బొమ్మలు

కోనసీమలోని కొత్తపేట విగ్రహములకు పేరుపొందిన ఊరు. ఇచ్చటి శిల్పశాలలలో తయారైన నాయకుని విగ్రహమునకు పోలిక కుదరకున్నచో, ఆయనను ఎరిగినవారు ముక్కు ఇట్లుండదనియో, కండువా ఆ భుజముపై వేయడనియో వెంటనే చెప్పుదురు. వేల ఏండ్లనాటి ఈజిప్టు మనుష్యులను బొమ్మలుగా చేయువారికి ఈ బెడద లేదు. వారి తప్పు పట్టగలవి సమాధులలో దొరికిన వస్తువులే.

బ్రిటనులోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థవారి 'వార్‌హామర్' బల్లపై ఆడు యుద్ధక్రీడ. అందు 'టూంబ్ కింగ్స్', అనగా సమాధిరాజులు, అను సేన కలదు. 2024లో దానిని మరల విడుదల చేసినారు. కాలిబంటు ఎత్తు అంగుళము పైచిలుకు. అస్థిపంజరములు రథములెక్కి యుద్ధమునకు వచ్చును. ఇది ఈజిప్టు చరిత్ర అని తయారుచేసినవారు చెప్పలేదు. కాని తలగుడ్డలు, కొడవలివంటి కత్తులు, పేర్లు కూడ అచ్చటివే గనుక పిల్లల మనస్సులో నిలుచునది ఆ రూపమే.

ఆ సేనలో 'ఉషబ్తి' అనునవి నక్క తలతోను, డేగ తలతోను ఉండి, పెద్ద ఆయుధములు పట్టిన మహాకాయులు, ఆలయ రక్షకులు. ఈజిప్టులో అట్టి తలలు అనూబిస్, హోరస్ మొదలగు దేవతలవి. అసలు ఉషబ్తి సాధారణముగా జానెడైనను మించని బొమ్మ. కొయ్యతోనో, రాతితోనో, నీలిపూత వేసి కాల్చిన పదార్థముతోనో చేసి సమాధిలో ఉంచెడివారు. దాని చేతులలో కత్తి లేదు. పార ఉన్నది, వీపున విత్తనముల సంచి ఉన్నది.

కారణము ఆనాటి పాలనలో కలదు. రాజు పిలిచినచో ప్రజలు పొలము దున్నుటకు, కాలువగట్లు వేయుటకు నిర్బంధముగా పోవలెను. చనిపోయిన పిదపకూడ ఈ పిలుపు తప్పదని వారి నమ్మకము. అప్పుడు యజమానికి బదులు బొమ్మ పలికి, పొలమునకు నీరు పెట్టి, ఇసుక మోయవలెను. బొమ్మపై వ్రాసిన మంత్రము ఈ పనులనే చెప్పును. ఏటా కాలువల పూడిక తీయు కోనసీమ వారికి ఇది వింత పని కాదు. క్రీ.పూ. 1000 ప్రాంతము నాటికి ఒక్కొక్కరికి 401 బొమ్మలు పెట్టు పద్ధతి ఏర్పడినది: దినమునకొకటి చొప్పున 365 మంది కూలీలు, పదిమందికొకడు చొప్పున 36 మంది మేస్త్రీలు. మేస్త్రీ చేతిలో కొరడా! టుటన్‌ఖామెన్ అంతటి రాజునకు 413 దొరికినవి. వెట్టికి రాజుకూడ భయపడెనన్నమాట.

రథముల చక్రములు, తేలికదనము బొమ్మలలో చక్కగనే వచ్చినవి. అయితే గీజా మహాపిరమిడ్డు (క్రీ.పూ. 2560 ప్రాంతము) కట్టించిన రాజు రథమును చూచి ఉండడు, ఈజిప్టునకు రథము వచ్చినది క్రీ.పూ. 1600 ప్రాంతమున. ఇక అస్థిపంజరముల మాట. దేహము ఎముకలగూడు కాకూడదనియే కదా ఈజిప్టువారి పాట్లన్నియు! చాకలిసోడా, వంటసోడా కలిసిన నేట్రాన్ అను ఖనిజముతో తేమ లాగి, 70 దినములలో శవసంస్కారము ముగించెడివారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలలో, టాలమీల కాలపు (క్రీ.పూ. 305–30) యువతిదని చెప్పు మమ్మీ కలదు. 1920 ప్రాంతమున నజీర్ నవాజ్ జంగ్ కొనితెచ్చినది. దానిని చూచిన విద్యార్థికి అస్థిపంజర సేన ఎందుకు పొసగదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈజిప్టులో సైనికుల బొమ్మలే లేవని కాదు. అస్యూత్‌లోని మెసెహ్తి సమాధిలో 1894లో రెండు కొయ్యదళములు దొరికినవి. క్రీ.పూ. 2000 ప్రాంతమువి, ఇప్పుడు కైరోలో ఉన్నవి. నలభైమంది ఈజిప్టు బల్లెగాండ్రు, నలభైమంది నూబియా విలుకాండ్రు. వరుసకు నలుగురు చొప్పున పది వరుసలు, పలకపై నిలిపినట్లే. బల్లెగాండ్ర డాళ్లు ఆవుతోలువి. చేసినవాడు ఒక్కొక్క తోలుకు వేరు మచ్చలు వేసినాడు. సైనికుల ఎత్తులును ఒక్కటి కావు.