చెక్కు నలభైకి, వేసింది యాభై

డాలస్ పక్కన ఇర్వింగ్. ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి. పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలు లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరి డబ్ల్యూ-2లూ ఎక్కించేసరికి తెర మూలన 2,100 డాలర్ల రీఫండ్ ఆకుపచ్చగా కనిపించింది. మిగిలింది 1099-ఆర్ ఒక్కటే. అతను అందులోని అంకెలు కొట్టాడు. మొదటి గడిలో 50,000. 2ఎ గడిలోనూ అంతే. నాలుగో గడిలో 10,000. ఏడో గడిలో కోడ్ 1. అంతే, ఆకుపచ్చ ఎరుపైంది. ఎదురు 3,900 కట్టాలి!

"ఇదేంటి? ఆ డబ్బు మన ఖాతాలోనే ఉంది కదా!"

నిరుడు ఉద్యోగం మారినప్పుడు పాత కంపెనీ 401కెలో ఉన్న సొమ్మును ఐఆర్‌ఏకి మార్చుకున్నాడు. నేరుగా కొత్త ఖాతాకే పంపమని అడగాలని అప్పుడు తెలియదు. చెక్కు అతని పేరునే వచ్చింది, అదీ 40,000కే. అలా చేతికిచ్చే సొమ్ములో 20 శాతం పన్ను కింద ముందే పట్టుకోవాలన్నది చట్టం. కానీ 60 రోజుల్లోగా ఐఆర్‌ఏలో పడాల్సింది పూర్తి యాభై వేలు. అమ్మానాన్నల విమానం టికెట్లకని దాచిన డబ్బు తీసి, తక్కువైన పదివేలు ఆమే సర్దింది.

ఫోన్‌లో ఉన్న ఆమె తమ్ముడు అన్నాడు: "బావా, అసలది ఆదాయమే కాదు. ఆ ఫారం తీసెయ్, గొడవ వదిలిపోతుంది."

అతను తీసెయ్యబోయాడు.

"ఆగండి. దీని కాపీ ఐఆర్‌ఎస్‌కీ వెళ్తుంది. మనం చూపకపోతే యాభై వేలు దాచామని నోటీసు పంపుతారు. పైగా పట్టుకున్న పదివేలు ఏ లెక్కన వెనక్కి అడుగుతాం?"

ఆమె అడిగింది నూటికి నూరుపాళ్లూ న్యాయం. పన్ను పడని సొమ్మును రిటర్న్‌లో చూపనక్కర్లేదనుకుని ఎంతమంది చిక్కుల్లో పడుతున్నారో! 1099-ఆర్ ఇచ్చే పాత ప్లాన్‌కి తెలిసింది డబ్బు బయటికి వెళ్లిందనే. ఎక్కడ చేరిందో చెప్పాల్సింది మనం. చెప్పేదాకా సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకున్న డబ్బుగానే చూస్తుంది. వాళ్ల 22 శాతం శ్లాబులో 11,000 పన్ను, యాభై తొమ్మిదిన్నరేళ్లు నిండకుండా తీసినందుకు 10 శాతం చొప్పున మరో 5,000. ఆ ఎరుపు అందుకే.

తర్వాతి తెర అడిగింది: ఈ డబ్బు ఏం చేశారు? వేరే రిటైర్మెంట్ ఖాతాలో వేశాం. రాతా, ట్రెడిషనలా? ట్రెడిషనల్. ఎంత? అతను 40,000 కొట్టాడు.

"నలభై కాదండీ! చెక్కు నలభైకి వచ్చింది. మనం వేసింది యాభై." ఐఆర్‌ఏ స్టేట్‌మెంట్ తెచ్చి ముందు పెట్టింది. ఆ అంకె అలాగే వదిలేస్తే మిగతా పదివేలు వాడుకున్నట్టే లెక్క. పన్ను 2,200, దానిపై 1,000 ఊరికే పోయేవి.

దిద్దాడు. రీఫండ్ 12,100.

ఆమె అంతటితో ఊరుకోలేదు, 1040 ఫారమే తెరిపించింది. 5ఎలో 50,000, 5బిలో సున్నా, రోలోవర్ అన్న గుర్తు. 25బిలో పట్టుకున్న పదివేలు. ఐఆర్‌ఏ వాళ్లిచ్చే 5498 ఫారం మే నెలాఖరుకి గానీ రాదు కాబట్టి అప్పటిదాకా స్టేట్‌మెంటే సాక్ష్యం. ఫైల్లో పెట్టింది.

"ఒరేయ్, లైన్లోనే ఉన్నావా? నువ్వూ కంపెనీ మారుతున్నావుగా. చెక్కు నీ పేరున రానివ్వకు. నేరుగా కొత్త ఖాతాకే పంపమని అడుగు. అప్పుడు ఒక్క డాలరూ పట్టుకోరు, 1099-ఆర్‌లో కోడ్ జి వస్తుంది. వచ్చాక అదీ ఎక్కించాల్సిందే, తీసెయ్యడానికి లేదు."

"సరే అక్కా, సోమవారమే అడుగుతా."