యంత్రమూ, యాజమాన్యమూ

సాంకేతిక సంస్థల ఎత్తుగడలకు మూలం వాటి అధిపతుల మేధస్సేననే వాదం తరచు వింటున్నాం. మనదేశంలో ఐ.బి.యం. చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యమిస్తున్నది.

అమెరికాలో వాడి పక్కన పెట్టిన 1401 కంప్యూటర్లను బాగుచేసి ఆ కంపెనీ మనకు అద్దెకిచ్చింది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ వాటాను సాధారణంగా 40 శాతానికి పరిమితం చేసింది. సంపూర్ణ యాజమాన్యాన్ని వదులుకోలేక 1978లో ఐ.బి.యం. వెళ్లిపోయింది. దాని యంత్రాల మరమ్మతును ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి. చేపట్టింది. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. అప్పటికే, 1969లోనే, టి.డి.సి.-12 కంప్యూటరును తయారుచేసి ఉన్నది. ఆ దేశీయ యంత్రాల లోపాలు ఎన్నైనా ఉండవచ్చు; మన ఇంజనీర్లు పని నేర్చింది వాటిమీదనే.

1991లో ఆర్థిక విధానం మారింది. మరుసటి ఏడే ఐ.బి.యం. టాటాలతో సగం వాటాకు ఒప్పుకొని తిరిగివచ్చింది. కొన్నేళ్లకు ఆ మిగతా సగమూ కొనుక్కున్నది. అంటే మారింది లక్ష్యం కాదు, ఎత్తుగడ మాత్రమే. చట్టం గట్టిగా ఉన్నప్పుడు తప్పుకున్నది. సడలగానే భాగస్వామిగా వచ్చి యజమాని అయింది.

2001లో ప్రభుత్వం సి.ఎం.సి.లో 51 శాతాన్ని టాటాలకు అమ్మింది. కంపెనీ ఎప్పుడూ తన ప్రయోజనాన్ని మరువలేదు. మరిచింది ఎవరో విద్యార్థులు ఆలోచించాలని నా మనవి.