పాచికల నుంచి ఫోన్ల దాకా: తిరుపతి సీమలో ఆట, నింద

పిల్లలు గంటల తరబడి ఫోనులో ఆటలాడుతుంటే తప్పు ఆటదా, కన్నవాళ్లదా అన్న తగవు తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఇప్పుడు రోజూ వినపడేదే. ఆట హద్దు మీరితే ఎవరిని నిందించాలన్న ప్రశ్న మాత్రం ఈ సీమకు కొత్త కాదు. ఇక్కడి స్థలకథల్లో, ఉత్సవాల్లో, ఇక్కడ అమలైన చట్టాల్లో దానికి జవాబులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ జవాబుల్లో ఆడినవాడు, ఆపవలసినవాడే కాక ఆట నడిపినవాడు కూడా ఉన్నాడు. ఫోను వచ్చాక కనపడకుండా పోయింది ఇతనే.

తిరుమల కొండ మీద పాచికల కథ అంటే హాథీరాం బావాజీదే. ఉత్తరాది నుంచి వచ్చిన ఈ సాధువు దగ్గరికి స్వామే రాత్రిపూట వచ్చి పాచికలాడేవాడట. ఒకనాడు తన నగ అక్కడే మరచి వెళ్తే దొంగతనం నింద బావాజీ మీద పడింది. గదినిండా చెరుకు వేసి తెల్లారేసరికి తినమని పరీక్ష పెడితే ఏనుగు వచ్చి తినిపోయిందని కథ. ఆయన పేరున వెలసిన మఠం మహంతులే 1843 నుంచి 1933 దాకా ఆలయ పాలన చూశారు. స్వామీ బావాజీ పాచికల పటానికి అటూ ఇటూ కూర్చున్న బొమ్మను ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో పూజిస్తారు. ఆడటాన్ని పాపంగా చూసే అలవాటు ఈ ఊరికి లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అదే సీమలో వేసవి వచ్చిందంటే ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల ముందు భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. రోజుల తరబడి సాగి దుర్యోధన వధతో, అగ్నిగుండంతో ముగుస్తుంది. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కే రోజున చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉంటాయి. జూద ఘట్టంలో ఓడుతున్నా లేవలేని ధర్మరాజు కనపడతాడు, గెలుపును ముందే పాచికల్లో పెట్టుకుని కూర్చున్న శకుని కనపడతాడు, అంతా వింటూ ఆపని తండ్రి ధృతరాష్ట్రుడూ కనపడతాడు. ధర్మరాజు తప్పు లేదని కథ ఎక్కడా అనదు, తండ్రినీ వదలదు. అయినా తెలుగునాట మోసపు ఆటకు మారుపేరుగా మిగిలింది శకునే. నిందలో పెద్ద పాలు పాచికలు తయారుచేసినవాడికి, తెలిసీ ఊరుకున్నవాడికి దాని తర్వాతి పాలు, అన్న లెక్క ఈ పల్లెలకు ఏటా వినిపించే పాఠం.

ఇళ్లలో, రచ్చబండల మీద ఆడే ఆటలకు ఇంత నింద రాలేదు. కారణం వాటి కట్టుబాటులోనే ఉంది. పులిజూదం సంగతే చూడవచ్చు. రాయలసీమ పాత మండపాల రాతినేల మీద ఆ ఆట గీతలు చెక్కి కనపడతాయి. గీతలు కలిసే చోట్లు 23, పులులు 3, మేకలు 15. మేకలవాడు ఒక్కొక్క మేకనే దింపుతూ పులుల దారులు మూస్తాడు. పులి పక్కనున్న మేక మీదుగా ఖాళీ చోటికి దూకితే ఆ మేక పోయినట్టే. మూడు పులులకూ కదలిక లేకుండా పోయిందా, ఆట అయిపోయింది. వామనగుంటల్లో ఒక్కొక్కరికి 7 గుంటలు. ఎదుటివాళ్ల చింతగింజలు అయిపోతే పీట పక్కన పెట్టాల్సిందే. వైకుంఠ ఏకాదశి జాగరణకు పరమపదసోపాన పటం పరిచి తెల్లవార్లూ ఆడినా, ఇంటిల్లిపాదీ ఆ పటం చుట్టే ఉంటారు, మర్నాడు దాన్ని చుట్టి దాచేస్తారు. ఈ ఆటలకు ముగింపు ఉండేది, చూసేవాళ్లూ ఉండేవాళ్లు. గోలీలాటను చీకటే ఆపేది. తల్లిదండ్రులు ప్రత్యేకంగా కాపలా కాయవలసిన పని ఉండేది కాదు, ఆ పని వీధి చేసిపెట్టేది.

డబ్బు పెట్టి ఆడే ఆటల విషయంలో మాత్రం ప్రభుత్వం చేయి పెట్టక తప్పలేదు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలోది గనుక ఇక్కడ 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం నడిచింది. రాష్ట్రమంతటికీ ఒకటిగా 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. పేకాడుతూ పట్టుబడ్డవాడి కన్నా పేకాట స్థావరం నడిపినవాడికే ఇందులో శిక్ష ఎక్కువ. భారతం చెప్పిన పాళ్లే చట్టమూ వేసింది. రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని 1967లో సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. క్లబ్బుల కోసం వచ్చిన ఆ తీర్పే అర్ధశతాబ్దం తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలకు కవచమైంది.

తెర మీద ఆట ఇక్కడి పిల్లలకు దొరికింది 1990లలో. జపాను నింటెండో యంత్రానికి నకళ్లుగా వచ్చిన పెట్టెలను టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి మారియో, కాంట్రా ఆడేవాళ్లు. కొనలేని ఇళ్ల పిల్లలకు వీడియో గేమ్ షాపులుండేవి, గంటకు ఇంత అని తీసుకునేవాళ్లు. తర్వాతి దశాబ్దంలో ఆ చోటు నెట్ సెంటర్లకు పోయింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చినప్పటి నుంచి తిరుపతి విద్యార్థుల ఊరు. అలాంటి ఊళ్లలో పరీక్షా ఫలితాలు చూసుకునే కంప్యూటర్ మీదే కౌంటర్ స్ట్రైక్ కూడా నడిచేది. తండ్రి కొడుకు కోసం వెతుక్కుంటూ వస్తే అక్కడ నిలదీయడానికి షాపు యజమాని అనే మనిషి ఒకడుండేవాడు. కేంద్రం 2011లో తెచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలు కూడా బాధ్యతను అతని మీదే పెట్టాయి. అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు మించకూడదు, తల్లిదండ్రులో సంరక్షకులో తోడు లేకుండా మైనర్లను ఆ గదుల్లోకి పంపకూడదు.

ఆ నిబంధనల సిరా ఆరకముందే షాపు అవసరమే పోయింది. అప్పట్లో చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో పరుచుకున్న శ్రీసిటీలో 2015 ఆగస్టులో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ నుంచి షావోమీ ఫోన్లు రావడం మొదలైంది. మొదటిది రెడ్‌మీ 2 ప్రైమ్, ధర 6,999 రూపాయలు. మరుసటేడు సెప్టెంబరులో జియో వచ్చి డేటా ఖర్చును దాదాపు లేకుండా చేసింది. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. తక్కువ ధర ఫోన్లలోనూ నడిచే ఫ్రీ ఫైర్ పల్లెల దాకా చేరింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక పాఠం కోసమని పిల్లల చేతికి ఫోను ఇవ్వక తప్పలేదు. అప్పటిదాకా ఫోను దాచిన తల్లులే రీఛార్జి చేయించి మరీ ఇచ్చారు. 2022 డిసెంబరులో ప్రభుత్వం సర్కారు బడుల 8వ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. బడి, సర్కారు, ఇల్లు అన్నీ కలిసి తెరను పిల్లల చేతిలో పెట్టిన ఆ కాలాన్ని పక్కనపెట్టి కన్నవాళ్లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

నిషేధాలూ వచ్చాయి. పబ్‌జీని 2020 సెప్టెంబరు 2న, ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఆపింది. రెండింటికీ చెప్పిన కారణం దేశ భద్రత, పిల్లల నిద్ర కాదు. పబ్‌జీ 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, ఏడాదికి ఆగింది, 2023 మేలో మళ్లీ మొదలైంది. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ల మీద ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించింది. నిర్వాహకులకు మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్లు, ఆడినవాళ్లకు ఆరు నెలలు జైలు. 132 సైట్లు, యాప్‌లను ఆపించమని అక్టోబరులో రాష్ట్రం కేంద్రానికి రాసింది. స్థావరం ఊళ్లో ఉంటే పోలీసులు వెళ్లి మూయించేవాళ్లు. స్థావరం సర్వరులో ఉండేసరికి ఉత్తరం రాయవలసి వచ్చింది.

ఈ ఆటల కట్టుబాటు పులిజూదానికి పూర్తిగా ఎదురు. 100 మంది దిగే పబ్‌జీ పోరు అరగంటలో ముగుస్తుంది, కానీ వేలితో ఒక్కసారి తాకితే ఇంకో పోరు సిద్ధం. రోజూ లోపలికి వస్తే బహుమతి. సీజను అయ్యేలోగా మెట్లు ఎక్కకపోతే దక్కాల్సినవి దక్కవు. డబ్బు పెట్టి తెరిచే పెట్టెలో ఏముందో తెరిచేదాకా తెలియదు. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతి కోసం ప్రాణి మానకుండా ప్రయత్నిస్తూనే ఉంటుందని అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాలతో ఎప్పుడో చూపించాడు. ఆ సూత్రం తెలిసినవాళ్లే ఈ పెట్టెలను తయారుచేస్తున్నారు. బెల్జియం 2018లో వీటిని జూదం కిందే లెక్కగట్టింది. 13 ఏళ్ల పిల్లవాడు ఆపలేకపోతున్నాడంటే వాడి ఎదురుగా ఉన్నది ఆపనివ్వకూడదని జీతాలిచ్చి చేయించిన పనితనం.

కన్నవాళ్ల పాలు లేదని కాదు. అన్నం తినడానికి ఫోను, ఏడుపు మానడానికి ఫోను అని రెండేళ్ల వయసులోనే అలవాటు చేసి, పదమూడో ఏట లాక్కుంటే గొడవ కాక మానదు. తండ్రి తాను రీల్స్ చూస్తూ కొడుకును మందలిస్తే ఆ మాట చెల్లదు. అయితే యాత్రికుల మీద బతికే ఊళ్లో దుకాణం, లాడ్జి, టాక్సీ పనులకు వేళ ఉండదు. శ్రీసిటీ కంపెనీ బస్సు షిఫ్టును బట్టి వస్తుంది. ఇంటికి చేరేసరికి కాపలా కాసే ఓపిక ఉండదు. పిల్లవాడిని బయటికి పంపుదామంటే చోటేదీ? ఆటస్థలం లేని భవనాల్లో బడులు నడుస్తున్నాయి. ఇంటర్‌కు వచ్చేసరికి ఈఏపీసెట్, జేఈఈ చదువులు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా. ర్యాంకు కోసం మైదానాన్ని వదులుకున్న తప్పు ఇళ్లదీ విద్యాసంస్థలదీ ఉమ్మడిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గేమింగ్ డిజార్డర్‌ను రోగాల జాబితాలో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనపడుతున్నా మానలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు కనపడితేనే రోగమంటారు. సెలవుల్లో నాలుగు గంటలు ఆడిన ప్రతి పిల్లవాడూ రోగి కాడు. దక్షిణ కొరియా 2011లో పెట్టిన అర్ధరాత్రి నిషేధాన్ని పదేళ్లకు ఎత్తేసి నిర్ణయం ఇళ్లకే వదిలింది. చైనా 2021లో పిల్లలకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి గంట చొప్పునే అనుమతించి, అమలు బాధ్యత కంపెనీల మీద పెట్టింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టే ఆటలను నిషేధించి, నడిపేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. స్థావరం నడిపేవాణ్ని మళ్లీ ముందుకు లాగిన చట్టమిది, ఆ మేరకు మేలు. డబ్బు పెట్టకుండా పిల్లలు గడిపే గంటల జోలికి మాత్రం పోలేదు. ఆ గంటలకు లెక్క చెప్పవలసిన మొదటి మనిషి ఆట తయారుచేసినవాడే, కన్నవాళ్లు ఆ తర్వాత.

చికిత్స దగ్గరికి వచ్చేసరికి ఈ తగవు పక్కకు పోతుంది, ఇంటి మనుషులంతా కలిసి కూర్చోవలసిందే. బెంగళూరు నిమ్హాన్స్ 2014లోనే టెక్నాలజీ వ్యసనాల కోసం ప్రత్యేక క్లినిక్ తెరిచింది. తిరుపతి, చిత్తూరుల నుంచి అది కొన్ని గంటల ప్రయాణం. అంతదూరం పోలేనివాళ్లు 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.