హిరోషిమాలో శాంతి విద్య

హిరోషిమా శాంతి విద్య అనేది, 1945 ఆగస్టు 6న అమెరికా వేసిన అణుబాంబు వల్ల ఆ జపాన్ నగరంలోని ప్రజలు, ముఖ్యంగా బాలలు పొందిన అనుభవాన్ని ఆధారంగా తీసుకుని, యుద్ధ కారణాలను, పర్యవసానాలను పాఠశాల విద్యార్థులకు బోధించే విద్యావిధానం. ఇది బాధిత బాలల సాక్ష్యాలతో మొదలై, ఉపాధ్యాయుల ఉద్యమంగా విస్తరించి, నగరపాలక సంస్థ పాఠ్యక్రమంగా రూపొందింది.

నేపథ్యం

యుద్ధం చివరి దశలో ప్రాథమిక పాఠశాలల పై తరగతుల పిల్లలను పల్లెలకు తరలించిన ప్రభుత్వం, వారికన్నా పెద్దవారిని కర్మాగారాలలోను, వైమానిక దాడులప్పుడు మంటలు పాకకుండా ఇళ్లు కూల్చి ఖాళీ జాగా ఏర్పరచే పనులలోను నియమించింది. బాంబు పడిన ఉదయం ఈ కూల్చివేత పనులలో ఉన్న విద్యార్థులలో సుమారు 6,000 మంది మరణించగా, వారిలో అధికులు 12, 13 ఏళ్లవారు. పల్లెలలో ఉండి ప్రాణాలు దక్కించుకున్న పిల్లలలో చాలామంది అనాథలయ్యారు.

ఆవిర్భావం

అణుబాంబు గురించిన రచనలపై యుద్ధానంతరం జపాన్‌లో ఉన్న ఆక్రమణ సైన్యాధికారులు విధించిన సెన్సార్‌షిప్ సడలిన పిమ్మట, తానూ బాంబు బాధితుడైన విద్యావేత్త అరాతా ఒసాదా 105 మంది బాలబాలికల, యువజనుల రచనలను సంకలనం చేసి 1951లో ప్రచురించాడు. రెండేళ్ల ప్రాయంలో అణుధార్మికతకు లోనైన సదాకో ససాకి 1955 అక్టోబరు 25న రక్తకేన్సర్‌తో మరణించినప్పుడు, ఆమె సహవిద్యార్థులు దేశమంతటా పాఠశాలలకు విజ్ఞప్తి చేసి విరాళాలు సేకరించారు. ఆ ఫలితంగా 1958 మే 5న, బాలల దినోత్సవం నాడు, శాంతి ఉద్యానవనంలో బాలల శాంతి స్మారకం వెలసింది. ఆమె మడిచిన కాగితపు కొంగలు తరగతి గదులలో శాంతికి గుర్తుగా స్థిరపడ్డాయి.

విస్తరణ, వివాదాలు

బాంబుదాడిని ఎరుగని తరం బడులకు రావడంతో, హిబాకుషాలు, అంటే బాంబుకు గురై బతికినవారు, అయిన ఉపాధ్యాయులు 1969లో సంఘంగా ఏర్పడి పాఠ్యసామగ్రి తయారీకి పూనుకోగా, 1972లో హిరోషిమా శాంతి విద్యా పరిశోధన సంస్థ ఏర్పాటైంది. అయితే హిరోషిమా సైనిక కేంద్రం కూడా అయినందున, జపాన్‌ను బాధిత దేశంగానే చూపి, ఆసియా దేశాలపై అది సాగించిన దురాక్రమణను, బాంబుకు బలైన కొరియన్లను విస్మరించడం అసంపూర్ణ బోధన అన్న విమర్శ వచ్చింది. మరోవైపు, 1998లో విద్యామంత్రిత్వ శాఖ ఆ ప్రాంత బోధనా పద్ధతులను సరిదిద్దాలని ఆదేశించాక ఉపాధ్యాయుల చొరవ తగ్గింది.

వర్తమాన దశ

2013లో నగరపాలక సంస్థ ప్రాథమిక స్థాయి నుంచి ఉన్నత పాఠశాల వరకు 12 ఏళ్లపాటు సాగే కార్యక్రమాన్ని, దానికి తగిన పాఠ్యపుస్తకాలను ప్రవేశపెట్టింది. ఈ పుస్తకాల నుంచి, అణుబాంబు దాడిని చిత్రించే 'హదషి నో గెన్' అనే బొమ్మల కథ భాగాలను 2023లో తొలగించడం, పిల్లలకు యుద్ధాన్ని ఎంత నగ్నంగా చూపవచ్చు అన్న చర్చను మళ్లీ లేవనెత్తింది. హిబాకుషాల సంఖ్య ఏటేటా తగ్గుతుండటంతో, వారి అనుభవాలను నేర్చుకుని వారి తరఫున చెప్పే వారసులకు 2012 నుంచి నగరం శిక్షణ ఇస్తోంది. దాంతో ప్రత్యక్ష సాక్ష్యంపై నిలిచిన ఈ విద్య క్రమంగా పరోక్ష సాక్ష్యంపై ఆధారపడే దశలోకి ప్రవేశించింది.