గుండెకు లెక్క చెప్పేదెవరు?

విశ్రాంతిగా కూర్చున్న మీ గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. మెట్లెక్కితే కండరాల అవసరం పెరుగుతుంది, గుండె కూడా ఆ మేరకు పెంచుతుంది. ఇదంతా మెదడు ఆజ్ఞ అని మీకు తోచవచ్చు.

1895లో జర్మన్ శాస్త్రవేత్త ఆటో ఫ్రాంక్ కప్ప గుండెను పరీక్షించి, ముడుచుకొనేముందు కండరం ఎంత సాగితే అంత బలంగా ముడుచుకొంటుందని చూపాడు. దానికీ ఒక హద్దు ఉందనుకోండి. 1914 నాటికి లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎర్నెస్ట్ స్టార్లింగ్ బృందం, కుక్క గుండెను ఊపిరితిత్తులతో సహా తక్కిన దేహం నుండి వేరుచేసి, సిరల ద్వారా చేరే రక్తాన్ని పెంచి చూసింది. మెదడుతో సంబంధం తెగిన ఆ గుండె, వచ్చినదంతా బయటికి పంపింది! మూగజీవుల ప్రాణాలతో దక్కిన జ్ఞానమిది.

అయితే వ్యాయామవేళ సింహభాగం నాడులదీ అడ్రినలిన్‌దే. స్టార్లింగ్ వాటికి తగిన స్థానమివ్వలేదని నా అభిప్రాయం. కానీ మార్పిడి చేసిన గుండెకు ఆ నాడులుండవు. తొలి నిమిషాల్లో దానిని ఆదుకొనేది ఈ సాగే గుణమే.

నీరసించిన గుండె ఎంత సాగినా బలం పుంజుకోదు. దేహం ఉప్పునూ నీటినీ నిలుపుకొంటుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. గుండె వైఫల్యమున్నవారు మీ ఇంట ఉంటే రోజూ బరువు చూడండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే వెంటనే వైద్యునికి తెలపండి.