రంగం నుంచి కువైట్ దాకా: పాస్‌పోర్టు గడువు కథ

కాస్త పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

మన మంగళగిరి చుట్టుపక్కల ఏ ఊళ్ళో నలుగురు కూర్చున్నా ఈ మధ్య ఒక మాట వస్తా ఉంది. "మావాడి పాస్‌పోర్టు అయిపోతందంట, అక్కడ ఉండే వీసా మాత్రం ఇంకా రెండేళ్ళు ఉందంట, ఏం చెయ్యాల?" అని. గడువు తీరకముందే అక్కడి మన ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో కొత్తది తీసుకోవాల, అంతే. కానీ ఈ రెండు కాగితాలు రెండు ప్రభుత్వాల చేతుల్లోకి ఎట్టా పోయినయ్యో తెలిస్తే, గడువు తేదీని ఎందుకంత జాగ్రత్తగా చూసుకోవాలో అర్థమవుతుంది.

మన భాషలో చెప్పాలంటే, విదేశంలో ఉండనిచ్చే వీసా కౌలు కాగితం లాంటిది. 2019 చట్టం ప్రకారం ఇక్కడ కౌలు రైతుకి ఇచ్చే కార్డు 11 నెలలకే. పొలం యజమాని ఒప్పుకుంటేనే ఇస్తారు. గల్ఫ్‌లో కఫీల్ ఆ యజమాని లాంటోడే. ఇక పాస్‌పోర్టు అంటే నువ్వు ఎవరివో, ఎక్కడి వాడివో మన ప్రభుత్వం రాసిచ్చే పుస్తకం. కౌలు ఎంత కాలం ఉన్నా, కౌలుదారు ఎవరో చెప్పే కాగితం చెల్లకపోతే ఆ కౌలు నిలవదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు.

వంద, నూటయాభై ఏళ్ళ క్రితం మన తెలుగోళ్ళకి ఈ బాధ లేదు. కోస్తా జిల్లాల జనం కాకినాడ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో ఓడ ఎక్కి రంగం పోయేవాళ్ళు. రంగం అంటే రంగూన్. ధాన్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసే పనుల్లో మనోళ్ళే ఎక్కువ. అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు, మన కోరంగి రేవు పేరు మీద వచ్చిన పేరు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కాబట్టి పాస్‌పోర్టు అక్కర్లేదు. టిక్కెట్టు డబ్బులుంటే చాలు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనాకే ఈ దేశంలో పాస్‌పోర్టు పట్టింపు గట్టిగా వచ్చింది. 1920లో బయటి నుంచి వచ్చేవాళ్ళ కోసం దానికి ఒక చట్టం కూడా చేశారు.

1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి వేరు చేశారు. మనిషి కదల్లేదు, ఇల్లు కదల్లేదు, దేశం మారిపోయింది. 1948లో బర్మాకి స్వతంత్రం వచ్చింది. అక్కడి పౌరసత్వం తీసుకోని మనోళ్ళు విదేశీయులయ్యారు, విదేశీయుల రిజిస్ట్రేషన్ కాగితం తీసుకుని బతకాల్సి వచ్చింది. అంటే ఇప్పటి అకామా లాంటిది. చాలామందికి ఇటు ఇండియా పాస్‌పోర్టు లేదు, అటు బర్మా పౌరసత్వం లేదు. 1962లో నే విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, ఆ మే నెలలో 50, 100 చాట్ నోట్లు రద్దు చేశారు. ఆ దెబ్బకి దాదాపు 3 లక్షల మంది భారతీయులు తిరిగొచ్చారు. వాళ్ళనే మన పెద్దోళ్ళు బర్మా కాందిశీకులు అనేవాళ్ళు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. తరతరాలుగా ఉన్న ఊరు కూడా కాగితం లేకపోతే మనది కాదని మనోళ్ళకి అప్పుడే తెలిసొచ్చింది.

ఇప్పుడు పాస్‌పోర్టు వైపు చూద్దాం. స్వతంత్రం వచ్చినాక 20 ఏళ్ళ పాటు పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా అనేది ఆఫీసరు ఇష్టం. 1954లో దేశం మొత్తానికి పాస్‌పోర్టు ఆఫీసులు తెరిచింది అయిదు చోట్ల: బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, నాగపూర్. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని అడగడానికి చట్టమే లేదు. అడిగినోడు సత్వంత్ సింగ్ సాహ్నీ అనే ఎగుమతి దిగుమతుల వ్యాపారి. 1966లో పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చెయ్యమని అధికారులు ఆయనకి ఉత్తరం రాశారు. ఆయన నేరుగా సుప్రీంకోర్టుకి పోయాడు. పాస్‌పోర్టు ప్రభుత్వానిది, ఇవ్వడం ఇవ్వకపోవడం మా ఇష్టం, అది ఎవరి హక్కూ కాదు అని ప్రభుత్వం వాదించింది.

ఆ కేసు విన్న అయిదుగురి బెంచికి పెద్ద మన కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో 1902లో పుట్టారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక 1954లో గుంటూరులో హైకోర్టు పెడితే దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి ఈయనే. మా మంగళగిరి నుంచి గుంటూరు 20 కిలోమీటర్లు, ఆ హైకోర్టు అక్కడ ఉందనే సంగతే ఇప్పటి పిల్లలకి తెలవదు. రెండేళ్ళకే హైదరాబాదు పోయింది లెండి. సుబ్బారావు గారు తర్వాత సుప్రీంకోర్టుకి, 1966లో అక్కడ ప్రధాన న్యాయమూర్తి పదవికి వెళ్ళారు. 1967 ఏప్రిల్ 10న ఈ కేసులో తీర్పు చెప్పారు. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. విదేశం వెళ్ళడం రాజ్యాంగం 21వ అధికరణంలో చెప్పిన వ్యక్తి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా దాన్ని అడ్డుకోవడం కుదరదు, చట్టమే లేకుండా ఒకడికిచ్చి ఒకడికి ఇవ్వకపోవడం సమానత్వానికీ విరుద్ధం అని తేల్చారు. మర్నాడే ఆయన పదవి వదిలేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికకి నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. పదవి వదిలి పోటీకి దిగడం మీద అప్పట్లో విమర్శలొచ్చినయి, నాకు మాత్రం ఆ తీర్పే గుర్తుంటుంది. గోలక్‌నాథ్ కేసు వల్ల ఆయన పేరు పుస్తకాల్లో ఉంది గానీ, మామూలోడికి ఎక్కువ పనికొచ్చింది ఇదేనని నా అభిప్రాయం.

తీర్పు దెబ్బకి ప్రభుత్వం హడావిడిగా ఆర్డినెన్సు తెచ్చింది. 1967 జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం వచ్చింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. పాస్‌పోర్టు ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉంది. (కొన్ని సందర్భాల్లో ఆ కారణం బయటపెట్టకుండా దాచుకునే వెసులుబాటు ప్రభుత్వానికుంది.) అప్పీలుకీ దారుంది. 1978లో మేనకా గాంధీ కేసులో కోర్టు ఇంకో మెట్టెక్కింది, పుస్తకం లాక్కునే పద్ధతి న్యాయంగా ఉండాలని, మనిషి మాట వినకుండా కుదరదని చెప్పింది. 17వ సెక్షన్‌లో ఒక చిత్రమైన మాట ఉంది, పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తి అని. ప్రయాణం హక్కు నీది, పుస్తకం మాత్రం సర్కారుది. గల్ఫ్‌లో మన ఆడవాళ్ళ పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళమేసుకునే యజమానికి ఆ పుస్తకం మీద ఏ హక్కూ లేదన్నది కూడా ఇందులోనే ఉంది.

గల్ఫ్ అంటే మన రాష్ట్రంలో ముందు గుర్తొచ్చేది కువైట్. కడప వైపు రాజంపేట, రాయచోటి, ఇటు గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి పోయినోళ్ళు లెక్కలేనంత మంది. పదో తరగతి పాస్ కానోళ్ళకి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద వేరే తనిఖీ ఉంది. 2018 జనవరిలో వాళ్ళకి నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామన్నారు. చదువు తక్కువోళ్ళకి నుదుటి మీద ముద్ర వేసినట్టుందని గోల లేస్తే అదే నెలలో వెనక్కి తగ్గారు. మంచిపనే చేశారు.

కువైట్‌లో 2016 నుంచి అకామా గడువుని పాస్‌పోర్టు గడువుకి ముడిపెట్టారు. పాస్‌పోర్టు ఏడాదే ఉంటే అకామా కూడా ఏడాదే. 2019 మార్చి నుంచి పాస్‌పోర్టులో అకామా స్టిక్కరు కూడా లేదు, అంతా సివిల్ ఐడీ కార్డులోనే. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండి, గడువు తీరిపోయి, అది చూసుకోలేక అకామా పోగొట్టుకున్న అమ్మ చేసిన నేరం ఏముంది చెప్పండి? 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది, జనవరి చివరి నుంచి మొదలై ఏప్రిల్ 22 దాకా సాగింది. పాస్‌పోర్టు చేతిలో లేనోళ్ళు మన ఎంబసీ దగ్గర ఔట్ పాస్ తీసుకుని వచ్చారు. ఔట్ పాస్ పాస్‌పోర్టు కాదు, ఇంటికి రావడానికి ఒక్కసారికి పనికొచ్చే కాగితం. అట్టాంటోళ్ళకి సాయం చెయ్యడానికే మన పక్కన తాడేపల్లిలో ఏపీఎన్నార్టీ ఆఫీసు పెట్టుకుంది.

మనం రెన్యువల్ అంటాం గానీ, ఇప్పుడు జరిగేది రీ-ఇష్యూ. అంటే కొత్త పుస్తకం, కొత్త నంబరు. పాత నంబరు మీద ఉన్న అకామాని కొత్త నంబరుకి మార్పించుకోవాల. సౌదీలో దాన్నే నఖల్ మాలూమాత్ అంటారు. ఇది చేయించకుండా సెలవుకి ఇంటికొచ్చి, తిరిగి పోయేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఇరుక్కునేవాళ్ళు ఉన్నారు. గడువుకి ఏడాది ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, చివరి నెల దాకా ఆగాల్సిన పని లేదు.

అమెరికా సంగతి వేరు. పాత పాస్‌పోర్టు మూల కత్తిరించి, రద్దయిందని ముద్ర వేసి తిరిగిస్తారు. అందులో ఉన్న అమెరికా వీసా గడువు దాకా చెల్లుతుంది, రెండు పుస్తకాలూ పట్టుకెళ్ళాల. పాతది పారేస్తే వీసా కూడా పారేసినట్టే. ఇది చాలామందికి తెలుసు. తెలవనిది ఐ-94. హెచ్-1బీ ఆమోదం మూడేళ్ళకి ఉన్నా, దిగేటప్పుడు పాస్‌పోర్టు ఏడాదిలో అయిపోయేటట్టుంటే, అక్కడి అధికారి ఉండే గడువు ఏడాదికే రాయొచ్చు. తర్వాత కొత్త పాస్‌పోర్టు తీసుకున్నా ఆ తేదీ తనంతట తాను పొడవు కాదు. ఒకసారి బయటికెళ్ళి రావాల, లేదా గడువు లోపే పొడిగింపుకి పెట్టాల. చూసుకోకుండా 180 రోజులు దాటి ఉండి బయటికొస్తే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు తిరిగి రానివ్వరు. ఇది 1996లో వాళ్ళు చేసిన చట్టం. మా వైపు పిల్లాడొకడు ఉద్యోగం, వీసా అన్నీ సవ్యంగా ఉండి కూడా ఈ తేదీ దగ్గరే చిక్కుకుని, రెండు నెలలు కంపెనీ లాయర్ల చుట్టూ తిరిగాడు. అందుకే దిగిన రోజే ఆ ఐ-94 ఇంటర్నెట్‌లో తీసి చూసుకోమని చెప్పండి.

ఇంకోటి మన తెలుగోళ్ళకే ఎక్కువ తగులుతుంది, ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందు, అదీ పొట్టి అక్షరంలో. పాస్‌పోర్టులో పొట్టి అక్షరాలు ఒప్పుకోరు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినోళ్ళకి అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు చోట, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. పేరు తెలవదు అని దానర్థం! దుబాయ్ వైపు 2022 నవంబరు 21 నుంచి ఒంటి పేరు పాస్‌పోర్టుతో విజిటు వీసా మీద రానివ్వబోమని చెప్పారు, అక్కడ ఉండే వీసా ఉన్నోళ్ళకి మాత్రం కొంత వెసులుబాటు ఇచ్చారు. కొత్త పుస్తకం తీసుకునేటప్పుడు పేరు సరిచేయించుకోవడం మంచిదే. కాకపోతే పాత పేరు మీద వీసా, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా ఏమేమున్నయ్యో ముందు రాసి పెట్టుకుని అప్పుడు మార్చండి.

మనవలున్నోళ్ళు ఇంకొకటి చూసుకోండి. పెద్దోళ్ళ పాస్‌పోర్టు పదేళ్ళు, చిన్నపిల్లలది అయిదేళ్ళే. తల్లిదండ్రుల తేదీలు చూసుకుని, పిల్లల తేదీ మర్చిపోతుంటారు.